సెల్లారు గాలే ప్రమాణం

మా ఆఫీసు పేరు ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం. గృహాంతర్గత వాయు నాణ్యతా పర్యవేక్షక ప్రాధికార సంస్థ. ఊళ్ళోవాళ్ళు గాలి ఆఫీసు అంటారు. రాజధానిలో ఎవరో పెద్దాయన కొత్తగా కట్టించుకున్న ఇంట్లో గృహప్రవేశం నాడే ఆపకుండా తుమ్మారట. అంతవరకూ గాలి వీధిలోనే పాడవుతుందని అందరూ అనుకునేవారు. నాలుగు గోడల మధ్య కూడా పాడవుతుందని ఆ తుమ్ములతో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. చూస్తుండగానే సంస్థ పుట్టింది, దానికో డైరెక్టరు పుట్టారు, ఆయనకో కారు పుట్టింది. సూపరింటెండెంటుగా నన్ను వేశారు. కూర్చోవడానికి చోటు ఒక్కటే దొరకలేదు.

కాకినాడలో మాకు చూపించిన భవనంలో పై అంతస్తులన్నీ అప్పటికే వేరే శాఖలు పంచేసుకున్నాయి. మిగిలింది సెల్లారు. స్కూటర్లు పెట్టుకోవడానికి కట్టిన ఆ సెల్లారులో ప్లైవుడ్డు చెక్కలు అడ్డం కొట్టి గదులు చేసి మమ్మల్ని దింపారు. మొదటి వానాకాలంలో నీళ్ళు లోపలికి దిగాయి. ఎక్కడినుంచి దిగుతున్నాయా అని చూస్తే వెంటిలేటర్లలోంచి. వెంటనే వాటన్నిటికీ ఇటుకలు పెట్టి సిమెంటు చేయించారు. నీళ్ళు ఆగిపోయాయి. గాలి కూడా ఆగిపోయింది. చెమ్మ మాత్రం లోపలే చిక్కుకుపోయింది.

ఇక బూజు మొదలైంది. మూలల్లో నల్లగా పుట్టి, గోడల మీద పచ్చగా పాకి, బీరువాల వెనక తెల్లగా నూగు కట్టింది. ఆఫీసంతా తడిసిన బియ్యం బస్తా విప్పినట్టు ముక్క వాసన. సెలవులకి తాళం వేసి వెళ్ళి తిరిగి వస్తే కుర్చీల మీద కూడా నూగు ఉండేది. ఆడిటుకి వచ్చినాయన డైరెక్టరు గారి తోలు బ్యాగు చేత్తో తడిమి, "వెల్వెట్టా అండీ? ఎక్కడ కొన్నారు?" అని అడిగారు.

మా టైపిస్టు కుడిపూడి మంగతాయారుకి ఈ వాసన పడలేదు. ముందు దగ్గు పట్టుకుంది, తరవాత ఆయాసం. ఒక ముసురు రోజున టైపు కొడుతూ కొడుతూ పెదాలు నీలంగా మారి బల్ల మీదికి ఒరిగిపోతే, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ దారంతా ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపిరి కోసం పడిన బాధ నేను చూశాను. అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు. డాక్టరు గారు మందులు రాసి, ఈ అమ్మాయికి బూజు పడదు, ఆ గదిలోంచి బయటపడకపోతే ఈసారి నాదాకా కూడా రాదు అని తేల్చి చెప్పారు.

తాయారు లేచి తిరగగానే డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

మా డైరెక్టరు గంధం సర్వారాయుడు గారు చెడ్డవారు కారు. పండక్కి అందరికీ పూతరేకులు పంచుతారు. కాకపోతే ఆ కుర్చీలో కూర్చోగానే ఆయన నోట్లోంచి మాటలు రావు, ఉత్తర్వులు వస్తాయి.

"వెంటిలేటర్లు తెరిపించండి సార్, లేపోతే నన్ను పైన వరండాలోనన్నా కూర్చోనివ్వండి. ఈ బూజుతో నేను బతకలేనండి," అంది తాయారు.

"చూడమ్మా, బూజు గలదనుట నీ అభిప్రాయము. వాయువు చెడినదనుట డాక్టరు గారి అభిప్రాయము. అభిప్రాయములను ఆధారము చేసుకొని ప్రభుత్వము ఇటుక తీయజాలదు. కొలత కావలెను."

"కొలవండి సార్."

"కొలుచుటకు యంత్రము లేదు. తెప్పించెదము."

గాలి నాణ్యత చూసే సంస్థలో గాలి కొలిచే యంత్రం లేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆ విధంగా తాయారు దగ్గు వల్ల సంస్థకు ఒక పని దొరికింది.

యంత్రం వచ్చింది. పచ్చళ్ళ జాడీ అంత ఉంటుంది. ముందు అంకెలు కనపడే అద్దం, పక్కన పచ్చదీపం, ఎర్రదీపం. తోడుగా కంపెనీ ఇంజనీరు వచ్చాడు. మా ఆఫీసులో కొత్తది ఏదొచ్చినా, జీపు గానీ ఫ్యాను గానీ కాగితాలకి చిల్లులు పొడిచే మిషను గానీ, పూజ చెయ్యందే ముట్టుకోరు. యంత్రానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి డైరెక్టరు గారి బల్ల మీద కూర్చోబెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇస్తుంటే ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు.

"సార్, దీన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు బయటికి, చెట్లూ గాలీ ఉన్నచోటికి పట్టుకెళ్ళి ఈ సున్నా మీట నొక్కాలండి. నొక్కినచోట ఉన్న గాలే మంచి గాలని ఇది గుర్తుపెట్టేసుకుంటుందండి. ఇంక మిగతా గాలంతా దాంతోనే పోల్చి చూస్తుంది."

బయట వాన కుండపోతగా పడుతోంది. రాహుకాలం తరుముకొస్తోందని పురోహితుడు గడియారం చూస్తున్నాడు.

"పసుపు రాసిన యంత్రమును వానలో తడుపుదుమా?" అన్నారు సర్వారాయుడు గారు. "పైగా శాఖాధిపతి తన కార్యాలయము విడిచి వీధిలో నిలబడి మీట నొక్కుట మర్యాద కాదు. ముహూర్తము దాటుచున్నది." అంటూ నొక్కేశారు.

అద్దం మీద సున్నా వచ్చింది. పచ్చదీపం వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇంజనీరు ఏదో చెప్పబోయి గోడల వంక ఒకసారి చూసి, యంత్రం క్షేమంగా ముట్టినట్టు సంతకం తీసుకుని రైలుకి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొలత జరిగింది. తాయారు బల్ల దగ్గర, బూజు దట్టంగా ఉన్న మూలలో, యంత్రం పెట్టారు. సున్నా. పచ్చదీపం. చెడు లవలేశమైనా లేదు.

"ఇదేంటండి సూపరింటెండెంటు గారూ? దీనికి ముక్కు లేదా అండి?" అని తాయారు నా చెవిలో అడిగింది.

నేను సూపరింటెండెంటుని. నాకు అభిప్రాయాలు ఉండవు. అయినా డైరెక్టరు గారితో, యంత్రాన్ని ఒకసారి బయట కూడా పెట్టి చూద్దామండీ అన్నాను. పెట్టి చూశాం. గాంధీనగరం పార్కులో మైనస్ నలభై. సముద్రం ఒడ్డున మైనస్ తొంభై. ఎర్రదీపం ఆరకుండా కొట్టుకుంటోంది.

మైనస్ అంటే ఏమిటో చెప్పడానికి మా శాస్త్రీయ సలహాదారు చిర్రావూరి మార్కండేయులు గారిని పిలిచాం. ఆయన ఆర్థిక శాఖలో జన్మంతా పనిచేసి రిటైరయ్యాక శాస్త్రంలోకి వచ్చారు. యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కళ్ళు మూసుకున్నారు.

"మైనస్ అనగా లోటు. ఈ ఊరి గాలిలో ఉండవలసినది ఏదో లేదు. ఏమి లేదో ఇంకా తెలియదు. లేదని మాత్రము రుజువైనది. అది సమృద్ధిగా ఉన్న చోటు ఇదొక్కటే," అని మా గోడని గౌరవంగా ముట్టుకున్నారు. వేళ్ళకి పచ్చగా అంటుకుంది.

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. ఏ శాఖకీ దక్కని అదృష్టం తన సెల్లారుకి దక్కిందని ఆయనకి అర్థమైంది. ఆ వారంలోనే ఉత్తర్వు బయలుదేరింది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సంస్థ ప్రధాన కార్యాలయము నందలి వాయువును ప్రామాణిక వాయువుగా ప్రకటించడమైనది. అన్ని భవనములు ఈ ప్రమాణమునకు చేరవలెను. చేరనివి లోటు భవనములుగా పరిగణింపబడును."

మొదటి నోటీసు బీచి రోడ్డులో ఉన్న బడికి వెళ్ళింది. అన్నీ పెద్ద పెద్ద కిటికీలు. సముద్రం గాలికి పుస్తకాల పేజీలు వాటంతట అవే తిరుగుతుంటాయి. లోటు తీర్చకపోతే బడి గుర్తింపు రద్దు అని రాశాం. హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానసుందరమ్మ గారు ఆ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"మా పిల్లలకి దగ్గూ లేదు, జలుబూ లేదండి. గాలి బాగాలేదంటే ఎలాగండీ?"

"దగ్గవలెనన్నను గాలిలో సత్తువ ఉండవలెను గదా అమ్మా. మీ గాలిలో అదియును లేదు," అన్నారు డైరెక్టరు గారు జాలిగా. కిటికీలు మూయించి, తడిగోనెలు వేలాడదీయించి, వానాకాలం అంతా ఆరనివ్వకుండా చూసుకోమని సలహా ఇచ్చారు.

జ్ఞానసుందరమ్మ గారు లోపలంతా కలయజూశారు, ముక్కు చీరకొంగుతో మూసుకున్నారు, అలాగేనండి అని వెళ్ళిపోయారు. మళ్ళీ తనిఖీకి వెళ్తే, మధ్యాహ్న భోజనం బియ్యం నిలవచేసే చీకటి కొట్లోకి మమ్మల్ని తీసుకెళ్ళి, యంత్రం అక్కడ పెట్టించి, తలుపు బయటనుంచి గొళ్ళెం పెట్టారు. లోపల మేం ఉక్కిరిబిక్కిరి అవుతుండగా అంకె నెమ్మదిగా పైకి పాకి సున్నా దగ్గర ఆగింది. బడికి ప్రశంసాపత్రం ఇచ్చాం. పిల్లలు ఎప్పట్లాగే కిటికీల దగ్గర కూర్చుని చదువుకుంటున్నారు.

అందరికీ ఆవిడ తెలివి ఉండదు కదా. ఊళ్ళో ప్రామాణిక గాలి పిచ్చి పట్టుకుంది. ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు "మా వద్ద ప్రామాణిక వాయువు కలదు" అని బోర్డు కట్టి అద్దె పెంచారు. డబ్బున్నవాళ్ళు పై అంతస్తులు అద్దెకిచ్చేసి సెల్లార్లలో పడకగదులు కట్టించుకున్నారు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్ళు, మా ఇంట్లో నాలుగు గోడలకీ నూగు ఉందండీ అని గొప్పగా చెప్పుకున్నారు.

రాజధానినుంచి ఒక కమిటీ మా గాలిని దర్శించడానికి వచ్చింది. దండలు పడ్డాయి. కమిటీ సభ్యులందరూ రుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకుని, అబ్బ, ఎంత చిక్కగా ఉందండీ అని మెచ్చుకున్నారు. సరిగ్గా అప్పుడు తాయారుకి దగ్గు వచ్చింది. పాపం, పిల్ల నోరు నొక్కుకుంది, బల్ల కిందికి వంగింది, అయినా ఆగలేదు. కమిటీ అధ్యక్షుడు సంతకం పెట్టబోతున్న కలం ఆపి, ప్రామాణిక వాయువులో దగ్గు ఎలా వస్తుంది అని అడిగారు.

వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు తాయారుకి మెమో అందింది. ప్రభుత్వము ప్రకటించిన ప్రమాణమును బహిరంగముగా దగ్గుటద్వారా కించపరచినందుకు ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను అని. విచారణాధికారి నేనే. పక్కన డైరెక్టరు గారు కూర్చున్నారు.

"ఇంటివద్ద దగ్గుచున్నావా?" అని అడిగారాయన.

"రాదండి. రాత్రిళ్ళు ఆయాసం ఒక్కటేనండి."

"బస్సులో?"

"అక్కడా రాదండి. మెట్లు దిగితేనే వస్తుందండి."

"అనగా ఇంటివద్దను, బస్సులోను దాచుకొని, ఆఫీసునకే ప్రత్యేకముగా తెచ్చుచున్నావన్నమాట."

తాయారు నా వంక చూసింది. నేను రాసుకుంటున్నాను. అప్పుడు నాకు ఒకటి తోచింది. ఈ నేరానికి శిక్ష ఏమిటండీ అని వినయంగా అడిగాను. డైరెక్టరు గారు బదిలీ అన్నారు. ఎక్కడికని అడిగితే, రాష్ట్రములోకెల్లా మిక్కిలి లోటు గల చోటికి అన్నారు.

అది ఏజెన్సీ కొండల్లో నిమ్మలగరువు అనే ఊరని, తనిఖీలకి జిల్లాలన్నీ తిప్పిన యంత్రం అప్పటికే చెప్పి ఉంది. అక్కడ మైనస్ నూట నలభై. అంతకంటే కిందికి ఎక్కడా పోలేదు. లోటు పరిశీలనా కేంద్రం అని పేరు పెట్టి ఒక పెంకుటిల్లు చూపించారు. ఉత్తర్వు అందుకున్నప్పుడు తాయారు తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని డైరెక్టరు గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళాయన పోతురాజు టైలరు. మిషను ఎక్కడ పెడితే అక్కడ బతుకుతాడు. ఇద్దరూ సామాను కట్టుకుని వెళ్ళారు.

కథ ఇక్కడితో సుఖంగా ముగియవలసింది. కానీ ఏడాది తిరిగేసరికి డైరెక్టరు గారికి దయ పుట్టింది. అధికారుల కోపానికైతే మందుంది, దయకి లేదు. ఆగస్టు పదిహేనుకి సత్ప్రవర్తన గలవారికి క్షమాభిక్ష పెట్టాలని ఆయన కోరిక.

"పాపము, ఆడపిల్ల. లోటు గాలిలో ఎంత కృశించినదో. తిరిగి మన సెల్లారునకు రప్పించెదము. నీవు పోయి పరివర్తన కలిగినదో లేదో చూచి నివేదిక ఇమ్ము."

ఆటోలో నా చెయ్యి పట్టుకున్న ఆ చెయ్యే గుర్తుకొచ్చింది. ఈ మెట్లు మళ్ళీ దిగితే తాయారు బతకదు. ఆ సంగతి కాగితం మీద రాస్తే, ప్రామాణిక గాలిలో మనుషులు చావరు అని జవాబు వస్తుంది.

యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కొండ బస్సెక్కాను. మలుపు మలుపుకీ అంకె పడిపోతోంది, నా ఛాతీలో బిగుతు వదులవుతోంది. నిమ్మలగరువులో దిగేసరికి మధ్యాహ్నం. పోతురాజు అరుగు మీద జాకెట్లు కుడుతున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచి, నోటి మీద వేలు పెట్టాడు.

"నిద్దరోతందండి," అన్నాడు మెల్లిగా. "పడుకునండి."

నాకు ముందు అర్థం కాలేదు.

"కాకినాడలో మూడేళ్ళు గోడకి జారబడి కూకునే నిద్దరోయేదండి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఆళ్ళ అమ్మ ఒకేపు, నేనొకేపు పట్టుకునేవోళ్ళం. ఇక్కడికొచ్చిన నాలుగో రోజున పడుకుందండి. నేను భయపడిపోయి ముక్కుకాడ ఏలెట్టి చూశానండి."

గుమ్మంలోంచి తొంగి చూశాను. చాప మీద, ఒక్క దిండు మీద, వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. ఒళ్ళు చేసింది. ఆమె లేచేదాకా నేనూ పోతురాజూ చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాం.

లేచాక సంగతి చెప్పాను. తాయారు ముఖం పాలిపోయింది.

"అయ్యబాబోయ్, క్షమించేత్తారా? నేనేం తప్పు చేశానండీ? మీ కాళ్ళు పట్టుకుంటాను, నాకు శిక్ష ఉంచెయ్యమనండి."

"కాళ్ళొద్దు, కాగితాలు ఇవ్వమ్మా," అన్నాను.

అరుగు మీద కూర్చుని నివేదిక మొదలుపెట్టాను. "సదరు ఉద్యోగిని యందు పశ్చాత్తాపము ఇసుమంతయు కానరాలేదు. ఆమె పట్టపగలు, భర్త సమక్షమున, బాహాటముగా ఊపిరి పీల్చుచుండగా నేను స్వయముగా చూచితిని."

తాయారు భుజం మీదుగా చదివి, "చాల్దండి. ఇంకొంచెం గట్టిగా కొట్టండి. పొగరుగా పీల్చుచున్నది అనండి," అంది.

రాశాను. ప్రామాణిక వాయువును తలచుకొని ఒక్క కన్నీటిచుక్కయు రాల్చలేదు అని కూడా కలిపాను. శిక్షను ఉద్యోగ విరమణ వరకు పొడిగించనిచో క్రమశిక్షణ దెబ్బతినును అని ముగించాను. పోతురాజు కాఫీ పెట్టి ఇచ్చాడు. సాయంత్రం బస్సు వచ్చినా ఎక్కబుద్ధి కాలేదు. తరవాతి బస్సు కూడా వదిలేశాను.

తిరిగొచ్చి సెల్లారు మెట్లు దిగుతుంటే ముక్క వాసన ఎదురొచ్చింది. డైరెక్టరు గారు ఒక్కరే ఉన్నారు. బల్ల మీద దీపం, చుట్టూ పచ్చటి గోడలు. ఏడాదిలో ఆయన సగమయ్యారని అప్పుడే గమనించాను. నివేదిక చదివారు. రెండోసారి చదివారు. ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఆయన లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చారు.

"కూర్చోవయ్యా. నిజం చెప్పు. ఎలాగుందా పిల్ల?"

ఆ గదిలో ఆయన మామూలుగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. అబద్ధం చెప్పలేకపోయాను.

"పడుకుని నిద్రపోతోందండి."

"పడుకునా?"

"వెల్లకిలానండి."

"దిళ్ళెన్ని?"

"ఒక్కటేనండి."

"నాకు మూడయ్యా," అన్నారు సర్వారాయుడు గారు. "మా ఆవిడ గోడకి చేరేసి కూర్చోబెడతది. తెల్లార్లూ అలాగే. పొద్దున్నే కారెక్కి ఇక్కడికొస్తాను. ఇక్కడ దగ్గకూడదు కదా, ఉత్తర్వు నాదే."

అని ఆయన దగ్గారు. రుమాలు అడ్డం పెట్టుకోలేదు, ఆపుకోలేదు. కమిటీల ముందూ సన్మానాల్లోనూ మింగుకుంటూ వచ్చిన దగ్గంతా ఒక్కసారి వదిలేశారు. నేను వీపు రాశాను. మంచినీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని కలం తీశారు.

"శిక్ష పొడిగించడమైనది," అంటూ రాశారు. "ఇట్టి ఘోర శిక్షను ఒక ఉద్యోగిని అనుభవించుచుండగా, అది సక్రమముగా అమలగుచున్నదో లేదో చూచుటకు పై అధికారి ఒకరు అక్కడనే మకాము ఉండుట అవసరము. ఆ భారమును డైరెక్టరు స్వయముగా వహించును."

"డైరెక్టరు గారికి ఒక సూపరింటెండెంటు కూడా అవసరమండి," అన్నాను.

అది కూడా రాశారు. సంతకం పెట్టబోతూ ఆగి, గోడల వంక దిగులుగా చూశారు.

"అందరం పోతే మరి ఈ ప్రామాణిక గాలిని ఎవరయ్యా చూసుకునేది?"

"బూజు చూసుకుంటుందండి," అన్నాను.